అంతఃపురము వెలుపలి కథ

రాయచూరు కోటగోడలో 41 అడుగులు మించిన ఏకశిల యొకటి కలదు. కాకతీయ సేనాని గోన గన్నారెడ్డి యాజ్ఞచే విఠలనాథుడు 1294లో కోటను కట్టించిన వృత్తాంతము దానిపై చెక్కబడియున్నది. ఈ యూరిలో తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములవారు సైతము గన్నారెడ్డిని మొదట ఆ శిలపై చూడలేదు. పెద్దలు అడివి బాపిరాజుగారి నవలలో చూచిరి. పిన్నలు 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ చలనచిత్రమున చూచిరి. ఇందు తప్పేమియు లేదు. శిల కదలదు, కథ యింటింటికి వచ్చును. అయినను, వచ్చిన కథ మనకేమి చూపినది, ఏమి చూపక దాటిపోయినది అని యొకమారు విచారింపవలెనని మాకు తోచినది.

బాపిరాజుగారు చిత్రకారులు కూడ. వారి ‘గోన గన్నారెడ్డి’లో రాజసభల శోభ కన్నులకు కట్టినట్లుండును. కాని పాఠకునకు నిద్ర మాన్పించునది ఆ శోభ కాదు. పురుషవేషముతో పెరిగిన రుద్రాంబ రాజ్యభారమును మోయుచున్నది. తాను స్త్రీనని బయటపడిననే ఆమె ప్రేమింపగలదు. బయటపడినచో సామంతులు కత్తులు దూయుదురు. కావున ఆమె చూచు ప్రతి చూపును రాచకార్యమే. మామూలు ప్రేమకథలో అడ్డువచ్చువాడు తండ్రియో మేనమామయో. ఇచ్చట అడ్డువచ్చునది రాజ్యము. అన్నకొడుకునకు రావలసిన రాజ్యమును కాజేసిన లకుమయారెడ్డి కథయు నట్టిదే. దాయాదుల తగవు మన కుటుంబములకు క్రొత్తదా? ఎకరము పొలముకొరకు జరుగు పోరును రాజ్యమంతగా పెంచి చూపినచో మనము రెప్పవేయక చూతుము. ఆదవోని ప్రభువు కూతురు అన్నాంబిక పెండ్లిలోని చిక్కులు, సంబంధములు కుదుర్చుకొను ప్రతి యింటికిని తెలిసినవే. అంతఃపురము దూరముగా కనబడును గాని అది మన నట్టిల్లే. గోడలు మాత్రము ఎత్తు.

ఇంతవరకు ఈ రచనలయందు మాకు ప్రీతియే. ఆక్షేపణ వేరొకచోట నున్నది. కుట్ర యన్నది వీనిలో తరచుగా ఏటికావలివాడే చేయును. 1956 నాటి ‘తెనాలి రామకృష్ణ’ చిత్రమున రాయలను వలలో వేయుటకు సుల్తానులు పంపిన వేగుకత్తె వచ్చును. నటనము రమ్యము, పాటలు మధురము. కాని హంపినుండి చూచినచో మన రాయచూరున్నది తుంగభద్ర కావలనే! కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నేలకై రెండు వైపులవారును పోరాడిరి. 1520లో కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్షాను ఓడించి ఈ కోటను గైకొనెను. రంగస్థలముపై యుద్ధము తెరవెనుక భేరీనాదము. ఇచ్చటి రైతునకు అది తొక్కబడిన చేను.

మన జిల్లాలోనే, ముదుగల్లులో, ఇంతకన్న గొప్ప కథ యొకటి పుట్టినది. బిజాపురమున చరిత్ర వ్రాసిన ఫెరిస్తా దానిని రెండువందల యేండ్ల తరువాత చెప్పెను. కావున ప్రతి మాటను చరిత్రగా గ్రహింపరాదు. పెర్తాల్ అను కంసాలి పిల్ల సౌందర్యమును కాశినుండి మరలివచ్చుచున్న బ్రాహ్మణుడొకడు చూచి మొదటి దేవరాయలకు చెప్పెను. రాయలు కానుకలు పంపెను. తలిదండ్రులు ఉప్పొంగిరి. ఆ పిల్ల మాత్రము ఒల్లననెను. విజయనగరాంతఃపురము ప్రవేశించిన స్త్రీ మరల తలిదండ్రులను చూడజాలదు. అందుచే నగలు వలదనెను.

1951 నాటి ‘మల్లీశ్వరి’ని దీనిప్రక్కన నిలిపి చూడుడు. అందును అదే పల్లకి, అదే తలుపు. బావ పరిహాసమున కన్నమాట, తల్లి ధనాశ కలిసి మల్లిని లోనికి త్రోసినవి. చివరకు రాయల కరుణచే కథ సుఖాంతమైనది. బి. ఎన్. రెడ్డిగారి చిత్రమును మేము ఎన్నిమార్లు చూచితిమో చెప్పలేము, ఇకముందును చూతుము. అయినను ముదుగల్లు పిల్లకు ఏ రాజు కరుణయు అక్కరలేకపోయినది. వలదన్న యొక్క మాటయే ఆమె బలము.

ఆ మాటకు మూల్యము గొప్పది. రాయలు 1406లో అశ్వసైన్యమును పంపెను. ఆమె కుటుంబము ఊరివారితో పాటు పారిపోయినది. సైన్యము పరిసరములను దోచినది. అది నెపముగా ఫిరోజ్‌షా బహమనీ దండెత్తి గెలిచెను. సంధిలో దేవరాయలు తన కుమార్తెనే సుల్తానుకిచ్చి పెండ్లి చేయవలసివచ్చెను. పెర్తాల్ సుల్తాను కుమారుని భార్యయైనది. కంసాలి పిల్లను ఇష్టమా యని అడిగినవారైనను ఉండిరి. రాజుకూతురును అడిగినట్లు ఫెరిస్తా చెప్పలేదు. ఆ రాకుమారి మేనాలో కూర్చుండి ఏమి తలచెనో వ్రాయగల నాటకకర్త మన సంఘములలో నొకడు పుట్టరాదా? వేషములకు ఖర్చును తక్కువే.

ఇటీవల మా మనుమని కోటకు తోడ్కొనిపోయితిమి. గన్నారెడ్డి గుఱ్ఱమెచ్చట నున్నదని వాడు శిలపై వెదకెను. గుఱ్ఱము లేదు. ఆ మహాశిలను బండిపై నెక్కించి దున్నల వరుసచేత లాగించుచున్న దృశ్యమొకటి గోడపై చెక్కబడియున్నది. వెనుక మనుష్యులు అదలించుచున్నారు. వాడు దున్నలను లెక్కింపసాగెను. నడుమ లెక్క తప్పి మరల మొదటినుండి యెత్తుకొనెను.