రంగుకు మార్కులు వేసింది ఎవరు?

కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్‌లో సాయంత్రం వేళ డైమండ్ హార్బర్ రోడ్డు పక్కన నిలబడి టాక్సీ కోసం చూసే మనిషిని ఊహించుకోండి. అతని కళ్లు వెతికేది పసుపు రంగును. అంబాసిడర్ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినా ఆ నగరంలో టాక్సీ అంటే గుర్తొచ్చేది పసుపే.

అదే పసుపుకు ఒక ప్రసిద్ధ పరిశోధనలో అట్టడుగు మార్కులు వచ్చాయి. 1994లో పాట్రీషియా వాల్డెజ్, ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే శాస్త్రజ్ఞులు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులకు రంగు నమూనాలు చూపి, అవి ఎంత ఆహ్లాదం, ఎంత ఉత్తేజం, ఎంత ఆధిక్య భావం కలిగిస్తున్నాయో అంకెల్లో చెప్పమన్నారు. నీలం, ఆకుపచ్చ వంటివి ఆహ్లాదకరమనీ, పసుపు, పసుపు కలిసిన ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ ఆహ్లాదకరమనీ తేలింది.

ఈ పరిశోధనలో మెచ్చుకోవలసిన అంశం ఉంది. రంగు పేరుతో సరిపెట్టుకోకుండా దాని వెలుగును, గాఢతను విడివిడిగా లెక్కగట్టారు. వెలుగు పెరిగితే ఆహ్లాదం, గాఢత పెరిగితే ఉత్తేజం పెరుగుతున్నట్లు కనిపించింది. ఎరుపా, నీలమా అన్న తేడా ప్రభావం అంతకన్నా తక్కువే.

లోపమెక్కడ? నమూనా ముక్క వస్తువు కాదు. టాక్సీ కోసం చూసేవాడికి కావలసింది ఆహ్లాదం కాదు, గుర్తింపు. పైగా తెలుగువారికి పసుపు ఒక రంగు పేరే కాదు. గడపకు రాసే శుభద్రవ్యం కూడా. కాలిఫోర్నియా విద్యార్థుల మార్కులు మన గడపకు ఎలా వర్తిస్తాయి?

2020లో ప్రచురితమైన మరో అధ్యయనం 30 దేశాల్లో 4,598 మందిని ప్రశ్నించింది. దేశాల మధ్య పోలికలు బాగానే కనిపించాయి; భాషాపరంగా, భౌగోళికంగా దగ్గరైన దేశాల మధ్య మరింత ఎక్కువగా కనిపించాయి. అయితే వారికి ఇచ్చినవి రంగులు కావు, 12 రంగుల పేర్లు మాత్రమే! పేరు వింటే కలిగే భావం, వస్తువును చూస్తే కలిగే భావం ఒకటేనని అనుకోలేం.

హిరోషిమా విశ్వవిద్యాలయానికి చెందిన మిత్సువో నాగమాచి 1970లలో ప్రారంభించిన ‘కాన్సెయ్ ఇంజనీరింగ్’ ఇంతకన్నా మేలైన దారి. వాడేవారు తమ భావాలను చెప్పే మాటలను సేకరించి, వాటిని వస్తువు లక్షణాలతో గణితం ద్వారా ముడిపెట్టడం ఇందులోని పద్ధతి.

మీరూ ప్రయత్నించవచ్చు. రెండు రంగుల కాగితాలకు మిత్రులచేత ఏడింటికి మార్కులు వేయించండి. తర్వాత అవే రంగుల్లో ఉన్న ఒకే రకం సంచులు రెండు చూపి మళ్లీ వేయించండి. మార్కులు మారాయా? అయితే కాగితానికి వచ్చిన మార్కులు చూసి సంచి రంగును నిర్ణయించడం పొరపాటే.