విశేషాధికార శబ్దవిచారము

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని జాతివైషమ్యమును గూర్చి వ్రాయువారు శ్వేతజాతీయులకుఁ గల లాభమును "ప్రివిలేజి" యనుచున్నారు. దీనినే మనవారు విశేషాధికార మందురు. లాటినున నిది యొక వ్యక్తినిగూర్చి చేయఁబడిన శాసనమునకుఁ బేరు. శ్వేతశ్రామికులకు దక్కిన మర్యాదను డ్యుబాయిస్ పండితుఁడు 1935లో నొకవిధమగు వేతన మనెను. 1988లో పెగ్గీ మెకింటాష్ విదుషి విశేషాధికార మను పేరనే ఈ లాభమును వివరించెను. ఈ ప్రయోగము సాధువా యని విచారింతము.

"నల్లవారు వంచింపఁబడి" రన్నచోఁ గర్త లోపించును; ఫలము పొందినవాఁడును గానరాఁడు. క్రియాఫలము కర్తకే చెందునపుడు కొన్ని ధాతువుల కాత్మనేపదము విధించిన పాణిని, ఫలమెవ్వరిదో యరయవలెనని మనకు నేర్పినాఁడు. 1934లో నేర్పడిన సమాఖ్య గృహనిర్మాణసంస్థ, నల్లవారి పేటలలోని ఋణములకు హామీ యిచ్చుటకు సామాన్యముగా నిరాకరించెను. ఆ హామీతో శ్వేతజాతీయుఁడు కొన్న యింటిని దాయముగాఁ బొందిన మనుమఁడు వంచనకుఁ గర్త కాఁడు, ఫలభోక్త యగును. ఇచ్చట విశేషాధికారశబ్దము యుక్తము.

అయినను, ఓటుహక్కును, వీథిలో నిర్భయముగా నడచుటను గూడ నట్లే పిలుచుట దోషము. ఇవి యెల్లరకుఁ జెందవలసినవి. 1965 నాటి ఓటుహక్కుల శాసనము నల్లవారికి రక్షణ కల్పించినపుడు శ్వేతజాతీయుల ఓటు పోలేదు. సామాన్యమగు హక్కును విశేష మన్నచో నది దానమువలెఁ దోఁచును. కలవాఁడు పోవునేమో యని వెఱచును.

కావున, పంచిన తఱుగుదానిని విశేషాధికార మనియు, పంచినను దఱుగనిదానిని నిరాకృతమగు హక్కనియు వ్యవహరించుట మేలు. ఫలభోక్తను గర్తగా దూషించుటయు, కర్త కాఁడని ఫలమును మఱచుటయు రెండును అపప్రయోగములే. విజ్ఞులు పరిశీలింతురుగాక.