శిక్షణ కలదు, పోస్టు ఏది?

డోర్నకల్ జంక్షన్‌లో రైలెక్కి వరంగల్లుకో ఖమ్మానికో పోయి ఫార్మ్-డి చదువదలచిన విద్యార్థి ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఆరేండ్ల తరువాత పని ఎక్కడ?

భారత ఫార్మసీ మండలి ఈ కోర్సును 2008లో ప్రవేశపెట్టినది. అయిదేండ్లు చదువు, ఆరవ ఏడు ఆసుపత్రిలో శిక్షణ. అందులో 6 నెలలు సాధారణ వైద్య విభాగంలోను, తక్కిన కాలం మూడు ప్రత్యేక విభాగాలలో రెండేసి నెలల చొప్పునను గడపవలెను.

ఈ శిక్షణ వ్యర్థమైనది కాదు. రక్తం గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడుచున్న రోగికి మెట్రోనిడజోల్ కూడ వ్రాసిరనుకొనుడు. వార్ఫరిన్‌ను విచ్ఛిన్నం చేయు కాలేయపు ఎంజైము పని మందగించును. రక్తస్రావపు ముప్పు పెరుగును. మందుల చీటీలో దీనిని పసిగట్టి వైద్యునికి తెలుపుట క్లినికల్ ఫార్మసిస్టు పని.

లోపం చదువులో లేదు, ఏర్పాటులో ఉన్నది. మందులిచ్చు కిటికీ వద్ద పనికి రెండేండ్ల డిప్లొమా చాలును. ఆరేండ్లు చదివినవారూ అక్కడనే నిలిచినచో వార్డులో నేర్చినది వృథా. అందుచేతనే పలువురు హైదరాబాదులోని ఔషధ భద్రతా సమాచార సంస్థలకు పోవుచున్నారు. 2021లో సవరించిన నియమాలు క్లినికల్ ఫార్మసిస్టును పేర్కొన్నవి; కాని నియమంలో పేరుండుట వేరు, ఆసుపత్రి జీతాల పట్టికలో పోస్టుండుట వేరు.

అమెరికాలో ఫార్మ్-డి తరువాత ఒకటి రెండేండ్ల రెసిడెన్సీ కలదు. అక్కడి ఆసుపత్రులు ఆ శిక్షణకు తగిన ఉద్యోగాలు ఏర్పరచినవి. మన ప్రాంతంలో మహబూబాబాదులో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. వాటి వార్డులలో ఈ పోస్టులు ఏర్పడిననాడే ఆరవ ఏటి శ్రమ రోగికి ఉపకరించును. అంతవరకు ఉపాధ్యాయులు కోర్సు గొప్పతనంతోపాటు ఈ లోటును కూడ విద్యార్థులకు చెప్పుట న్యాయం.