పక్కింటి కప్పు

ఊళ్ళో ఇల్లంటుకుంటే, ఫైరింజను వచ్చేసరికి ఆర్పడానికేమీ ఉండదు, చల్లార్చడమే మిగులుతుంది. అగ్నిమాపక సిబ్బందిని తప్పుబట్టడం లేదు. స్టేషను ఎక్కడో టౌన్లో ఉంటుంది. మా డెల్టా ఊళ్ళకి రావాలంటే కాలువ గట్టే దారి. తీరా వచ్చినా పాలెం సందులో బండి పట్టదు. అంతసేపు ఎండు తాటాకు ఆగుతుందా? అందుకే మొదటి పావుగంట ఊరివాళ్ళదే. జీతమూ యూనిఫామూ లేని ఆ ఫైర్‌మెన్ సంగతే ఈ వారం.

దూరం నుంచి చూస్తే కేకలూ పరుగులే కనిపిస్తాయి గానీ, అందులో ఒక వరస ఉంది. ముందు పశువుల పలుపులు కోసేస్తారు, ముడులు విప్పుతూ కూర్చోరు. ఒకడు లైన్‌మన్‌కి ఫోన్ చేసి కరెంటు తీయిస్తాడు. తీసేదాకా తీగల దగ్గర నీళ్ళు చల్లనివ్వరు. లోపల గ్యాస్ బండ ఉందంటే జనాన్ని వెనక్కి నెడతారు. కాలువ రేవు నుంచి ఆడవాళ్ళు బిందెలు చేతులు మారుస్తుంటారు. ఈమధ్య పురుగుమందు కొట్టే తైవాన్ పంపులు కూడా భుజాన తగిలించుకొస్తున్నారు. ఆ తుంపరకి మంట ఆరదు గానీ, పక్కింటి కప్పు తడపడానికి భేషుగ్గా పనికొస్తాయి.

అసలు విద్యంతా ఆ పక్కింటి కప్పు దగ్గరే ఉంది. అంటుకున్న ఇంటి మీద ఆశ వదులుకోవడం కొత్తవాళ్ళకి చేతకాదు, ఉన్న నీళ్ళన్నీ దానిమీదే కుమ్మరిస్తారు. పని తెలిసినవాడు మంటని చూడడు, గాలి ఎటు వీస్తోందో చూస్తాడు. గాలివాటున ఉన్న ఇంటికి నిచ్చెనేయించి తడి గోనెపట్టాలు పరిపిస్తాడు. అయినా రవ్వలు ఆగకపోతే కొడవలితో కట్లు కోసి, వెదురుగడకి కట్టిన కొక్కెంతో కప్పు మొత్తం కిందికి లాగించేస్తాడు. అది పోయిన నెల కప్పించుకున్నదైనా సరే.

నా చిన్నప్పుడు మా పాలెంలో ఈ పెత్తనం ఒక పెద్దాయనది. ఒకసారి "బాబాయ్, మా ఇంటికేం కాలేదు కదా!" అని గుమ్మంలో అడ్డం నిలబడిందొకావిడ. "కాకముందే లాగాలమ్మా" అన్నాడాయన, అప్పటికే కొక్కెం తగిలిస్తూ.

ఈ మాట అనడానికి ఎంత గుండె కావాలో 1666లో లండన్ తగలబడుతున్నప్పుడు అక్కడి మేయర్ థామస్ బ్లడ్‌వర్త్‌కి తెలిసొచ్చింది. మంటకి అడ్డంగా ఇళ్ళు పడగొట్టించడానికి ఆయన జంకాడు. తిరిగి కట్టించే ఖర్చెవరు పెట్టుకోవాలన్నది ఆయన బెంగ. 13,000కు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. ఆయన్ని వెక్కిరించడం తేలికే. నాకు మాత్రం ఆ బెంగలో న్యాయముందనిపిస్తుంది. మా పాలెంలో నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్ళు కాలిన ఇళ్ళే రాసుకెళ్ళారు. కప్పు లాగేసిన ఇల్లు కాగితం మీదికి ఎక్కనే లేదు. ఆవిడకి తాటాకు ఊరివాళ్ళిచ్చారు, కూలి తీసుకోకుండా కప్పారు.

ఇలా ఊరివాళ్ళే మంటలార్పడం మన దగ్గరే కాదు. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇరుగుపొరుగుని కూడగట్టి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టాడు. సభ్యులు తోలు బకెట్లూ, సామాన్లు బయటికి చేరవేసే సంచులూ ఎవరివి వాళ్ళు సిద్ధంగా ఉంచుకోవాలన్నది అందులో షరతు. అమెరికాలో ఇవాళ్టికీ ఫైర్‌ఫైటర్లలో ఎక్కువమంది వాలంటీర్లే. వాళ్ళకి శిక్షణ ఉంది, బండి ఉంది. మనకి ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలున్నాయి. 1944లో బొంబాయి రేవులో పేలుడు జరిగినప్పుడు మంటలార్పుతూ చనిపోయిన సిబ్బంది జ్ఞాపకంగా జరుపుతారు. కరపత్రాలు పంచుతారు, సిలిండర్ మంట ఆర్పి చూపిస్తారు. మంచిదే. ఆ వారంలో ఒక్క పూట పాలేనికొచ్చి, కొక్కెం పట్టే చేతులకి కూడా నేర్పితే ఎక్కువ ఫలితముంటుంది.

తాటాకిళ్ళు తగ్గాయి, నిజమే. గడ్డివాములూ పశువుల పాకలూ తగ్గలేదు. పంచాయతీ ఆఫీసులో ఒక పొడుగాటి నిచ్చెన, నాలుగు కొక్కేల గడలు, కాలువ నీళ్ళు తోడే ఇంజనూ దాని గొట్టాలూ ఉంచడం పెద్ద ఖర్చేం కాదు. ఇంకొకటి మరీ చవక: నష్టాల జాబితాలో "కాలినవి" పక్కన "మంట ఆపడానికి పడగొట్టినవి" అని ఒక గడి గీయడం. అది లేకుండా గుమ్మంలో అడ్డం నిలబడ్డవాళ్ళని పక్కకి జరగమనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?