కణవంశముల సాక్ష్యమెంతవరకు?

తెల్ల రక్తకణములలో ఒక తెగయైన లింఫోసైటులకు వచ్చే క్యాన్సరును లింఫోమా అంటారు. ఎయిడ్స్ రోగులలో ఇది ఎక్కువగా కనబడుతుంది. ఈ వ్యాధిని పరిశోధించుటకు రోగి కణితినుండి కణములను తీసి, పోషక ద్రవములో, శరీరపు వేడిమివద్ద పెంచుతారు. చాలావరకు నశిస్తాయి. నిలిచినవి సంవత్సరముల తరబడి విభజన చెందుతూనే ఉంటాయి. ఇట్టి సంతతికే సెల్ లైన్, అనగా కణవంశమని పేరు.

సీసాలోని ఈ కణములను ఏదైనా రసాయనము చంపినచో, క్యాన్సరుకు మందు దొరికినదని వార్త పుడుతుంది. ఆ వార్త దౌల్తాబాద్ వంటి ఊళ్లకు చేరేసరికి సీసా మాట జారిపోయి, మందు మాటే మిగులుతుంది. ఆశపడేవారు రోగి బంధువులు. కాబట్టి కణవంశముల సాక్ష్యమును ఎంతవరకు నమ్మవచ్చునో విచారింపవలెను.

ముందుగా వాటి ఘనత చెప్పుట న్యాయము. 1964లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అనేవారు బర్కిట్ లింఫోమా కణములను ప్రయోగశాలలో పెంచి, వాటిలో ఒక కొత్త వైరసును చూశారు. అదే ఎప్‌స్టీన్–బార్ వైరస్. ఎయిడ్స్ రోగుల లింఫోమాలలో పెక్కింటియందు ఇది కలదు. 1994లో చాంగ్, మూర్ అనేవారు కపోసి సార్కోమా వైరసును కనుగొన్నారు. మరుసటి సంవత్సరమే సీజర్మన్ మొదలైనవారు, ఛాతీలోను కడుపులోను నీరు చేరి వచ్చే ఒక అరుదైన లింఫోమాలో ఆ వైరసును గుర్తించారు. అట్టి రోగులనుండి వచ్చినవే బి.సి.–1, బి.సి.బి.ఎల్.–1 కణవంశములు. వీటిలో వైరస్ సాధారణముగా నిద్రాణమై ఉంటుంది. తగిన రసాయనము కలిపితే మేల్కొని వృద్ధి చెందుతుంది. రోగి శరీరములో దీనినింత స్పష్టముగా చూచుట సాధ్యము కాదు.

ఇక లోపము మాట. హెచ్.ఐ.వి. నాశనము చేసేది టి–కణములను. ఈ లింఫోమాలు పుట్టేది సాధారణముగా బి–కణములనుండి. కావలివారు పోయిన ఊరిలో దొంగలు పడినట్లు, రక్షణ సడలిన శరీరములో కణితి పెరుగుతుంది. సీసాలో దొంగ ఉన్నాడు గాని ఊరు లేదు. అంతేకాదు, ఇదే పరిశోధనలో వాడే బి.సి.–3 హెచ్.ఐ.వి. లేని రోగినుండి వచ్చినది!

చికిత్స సంగతి చూడండి. భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యమున 1940 దశకములో లెడర్లీ ప్రయోగశాలలలో రూపొందిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. సీసాలో ఇది కణమును నేరుగా తాకుతుంది. కాని లింఫోమా మెదడులో పుట్టినపుడు, రక్తమునకు మెదడుకు నడుమ గల అడ్డును ఇది సులభముగా దాటదు. అందుచేత చాలా పెద్ద మోతాదులో ఇచ్చి, ఆపైన ఆరోగ్యకరమైన కణములను కాపాడుటకు ఫోలినిక్ ఆమ్లమును ఇస్తారు; మూత్రపిండములను కనిపెట్టి చూస్తారు. సీసాకు మెదడూ లేదు, మూత్రపిండములూ లేవు.

అన్నిటికన్న పెద్ద పాఠము వేరొకటి. 1996 తరువాత హెచ్.ఐ.వి.పై మందులను కలిపి వాడుట మొదలైనపుడు, చికిత్స అందిన దేశములలో ఎయిడ్స్ రోగులకు లింఫోమా వచ్చుట బాగా తగ్గినది. ఆ మందుల గురి లింఫోమా కణము కాదు, హెచ్.ఐ.వి. కావలివారిని తిరిగి నిలబెట్టుటవలననే ఈ మేలు కలిగినది. లింఫోమా కణములను మాత్రమే పెంచే సీసాలో ఈ సంగతి తెలిసేది కాదు. మన దేశములో ప్రభుత్వము ఈ మందులను 2004 నుండి ఉచితముగా ఇస్తున్నది.

కణవంశములను తోసివేయ నక్కరలేదు. కొత్త మందు వార్త వచ్చినపుడు మాత్రము, అది సీసాలో పనిచేసినదా, రోగిలో పనిచేసినదా అని పాఠకులు మొదట అడుగవలెను.