ఒదిగి నిలుచు విద్య

పరుగులు బ్యాట్స్‌మన్ ఖాతాకును, వికెట్లు బౌలరు ఖాతాకును జమయగు క్రికెట్ క్రీడయందు ఫీల్డరు శ్రమకు నికరమైన లెక్క లేదు. పట్టిన క్యాచ్‌నకు అతని పేరొక మూల కనబడునేగాని, ఆ క్షణమునకై అతడు పూటలకొలది నడుము వంచి కాచుకొనియుండుటయు, అతనికి వెరచి బ్యాట్స్‌మన్ కొట్టక మానుకొన్న పరుగులును ఏ పట్టికకును ఎక్కవు. లెక్కకు రాని విద్య గ్రంథములవలన నిలువదు. నేర్చినవాడు మరియొకనికి చేసి చూపినప్పుడే నిలుచును. ఆటగాడుగా ఆ విద్యను సాధించి, శిక్షకుడుగా దానిని దేశదేశముల పంచిన హైదరాబాదు వాసి సయ్యద్ ఆబిద్ అలీ (1941–2025) జీవితము ఇందులకు నిదర్శనము.

1956లో హైదరాబాదు పాఠశాలల జట్టును ఎంపిక చేసినవారిని ఆకర్షించినది ఆయన ఫీల్డింగు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ జట్టును కూర్చుకొన్నప్పుడు ఆయనకు అందులో ఉద్యోగము దొరికెను. తొలుత వికెట్ కీపరుగా నుండి, పిమ్మట మీడియం పేస్ బౌలరై, 1967 డిసెంబరులో అడిలైడ్‌లో ఆస్ట్రేలియాపై ఆడిన మొదటి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు పడగొట్టెను. అదే పర్యటనలో సిడ్నీ టెస్టున 78, 81 పరుగులు చేసెను. మొత్తము 29 టెస్టులలో 1,018 పరుగులు, 47 వికెట్లు, 32 క్యాచ్‌లు ఆయనవి.

వడిగల బౌలర్లు కరవైన ఆ కాలమున, ఆబిద్ అలీయు ఏకనాథ్ సోల్కరును కొన్ని ఓవర్లు వేసి కొత్తబంతి మెరుపు తగ్గింపగా, బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్‌ల స్పిన్ ఆరంభమయ్యెడిది. అంతట, బంతి వేసి వచ్చిన ఆ ఇరువురే బ్యాట్‌నకు చేరువగా ఒదిగి నిలుచువారు. కొత్తబంతితో చేసినది ఉపోద్ఘాతము మాత్రమే. వారి అసలు పని అప్పుడు మొదలయ్యెడిది.

ఆ పనిలోని మెలకువలు కొంత వివరింపదగినవి. స్లిప్‌లోనివాడు బంతిని బౌలరు చేతినుండియే చూపుతో వెంబడింపవచ్చును. ఫార్వర్డ్ షార్ట్ లెగ్‌లోనివానికి ఆ వ్యవధి లేదు. రెండు మూడు గజముల దూరమున నున్న అతడు బ్యాట్ అంచును, ముందుకాలి ప్యాడ్‌ను మాత్రమే చూడవలెను. మడమలు నేలకు ఆనీ ఆననట్లుండి, భారము మునివ్రేళ్లపై నిలువవలెను, తల కదలరాదు, అరచేతులు తెరచి నేలకు దగ్గరగా ఉంచవలెను. తొందరపడి లేచినవాడు క్రిందుగా వచ్చు బంతిని పోగొట్టుకొనును గనుక, బంతి లేచినప్పుడే తానును లేవవలెను. బిగిసిన చేతులనుండి బంతి ఎగిరిపోవును. కావున తగిలిన మరుక్షణమే అవి మెత్తబడి బంతితోపాటు కొంచెము వెనుకకు పోవలెను. అన్నిటికంటె కష్టమైనది, బ్యాట్స్‌మన్ స్వీప్ కొట్టబోవునప్పుడు మొగము త్రిప్పుకొనకుండుట. ఆ దినములలో హెల్మెట్ అన్నమాటయే లేదు.

1971 ఆగస్టున ఓవల్ మైదానములో ఇంగ్లండు 101 పరుగులకే కూలినప్పుడు, చంద్రశేఖర్ 38 పరుగులకు 6 వికెట్లు తీసిన సంగతి లోకమెరిగినది. అయితే, అడ్డుగా నిలిచి ఆటను మలుపు త్రిప్పగల అలన్ నాట్‌ను సాగనంపినది, వెంకటరాఘవన్ బంతికి సోల్కర్ ముందునకు దూకి పట్టిన క్యాచ్. ఇక 173 పరుగుల లక్ష్యమును భారతదేశము చేరుకొన్నది ఆబిద్ అలీ కొట్టిన ఫోరుతోనే. ఇంగ్లండు గడ్డపై మనకది తొలి టెస్టు విజయము.

ఆట మానిన పిమ్మట ఆయన కాలిఫోర్నియాలో స్థిరపడినను, మాల్దీవులకును, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జట్టునకును, రంజీ పోటీలలో ఆంధ్ర జట్టునకును శిక్షణనిచ్చెను. కాలిఫోర్నియాలోని బాలురకును ఆట నేర్పెను. ఇవన్నియు హేమాహేమీలున్న జట్లు కావు. అట్టిచోట్లనే ఇట్టి గురువు అక్కర ఎక్కువ. హైదరాబాదునకు కీర్తి తెచ్చిన జయసింహ సొగసును, అజారుద్దీన్ మణికట్టు విలాసమును ఎంతటి శిక్షకుడును ఒకరినుండి తీసి మరియొకరికి ఈయజాలడు. దగ్గర నిలిచి బ్యాట్ అంచుతో బంతిని మరల మరల తాకించి, శిష్యుని చేతులు మెత్తబడువరకు విసుగు లేక పట్టించుట మాత్రము శ్రద్ధగల ఏ గురువునకైనను సాధ్యము.

నేడు షార్ట్ లెగ్ స్థానమును జట్టులోని పిన్నవానికి అంటగట్టుట పరిపాటి. అతడును దానిని శిక్షగానే భావించును. ఇది అవివేకము. దగ్గరి ఫీల్డర్లపై నమ్మకము చాలని స్పిన్నరు బంతిని చదునుగా, త్వరగా వేసి పరుగులను కాపాడుకొనును. నమ్మకము కలిగినవాడు గాలిలో ఎత్తుగా తేలవేసి బ్యాట్స్‌మన్‌ను ముందునకు రప్పించును. బౌలరు బంతిని విడుచు తీరునే మార్చు ఈ విద్యను, స్పిన్నరును తీర్చిదిద్దదలచిన శిక్షకుడు చివరకు మిగుల్చుకొనక, స్పిన్‌తోపాటే మొదలుపెట్టవలెను.