తాబేలు ఎంత తిరగాలి?

కంప్యూటర్ తెరమీద చిన్న తాబేలు బొమ్మ. వంద అడుగులు ముందుకు వెయ్యమంటే వేస్తుంది, 90 డిగ్రీలు కుడికి తిరగమంటే తిరుగుతుంది. ఈ రెండు ఆదేశాలూ నాలుగుసార్లు ఇస్తే చతురస్రం తయారు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇదేమంత కష్టం కాదు. ఇప్పుడు సమబాహు త్రిభుజం గీయమనండి. దాని కోణం 60 డిగ్రీలని కంఠతా వచ్చు గనక 60 తిరగమంటారు. మూడు భుజాలూ గీశాక చూస్తే త్రిభుజం లేదు. సగం షడ్భుజి గీసి తాబేలు ఎక్కడో దూరంగా ఆగిపోయింది.

తాబేలు తిరిగేది బాహ్యకోణం. అంటే 120 తిరగాలి. చతురస్రంలో లోపలి కోణమూ బయటి కోణమూ రెండూ 90 కావడంతో ఆ తేడా అక్కడ దాక్కుంది, త్రిభుజం దగ్గర బయటపడింది. తప్పని ఎవరూ అనలేదు, ఎర్ర సిరా పడలేదు. పిల్లే లేచి నేలమీద తాబేలులా నడిచి చూసుకుంటుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి మొదట ఎటు చూసిందో మళ్లీ అటే చూస్తుంది గనక మొత్తం తిరిగింది 360. మూడు మలుపులైతే 120, అయిదైతే 72. బహుభుజి బాహ్యకోణాల మొత్తం 360 డిగ్రీలనే సిద్ధాంతం కాళ్లకు తెలిసిపోయింది. పాఠం అల్లడంలో ఇంతకన్నా చక్కని పనితనం నేను ఎక్కువ చూడలేదు.

ఈ తాబేలు వయసు తక్కువేం కాదు. 1967లో అమెరికాలో వాలీ ఫర్జైగ్, సింథియా సాలొమన్, సేమూర్ పేపర్ట్ పిల్లల కోసం తయారుచేసిన లోగో భాష దాని పుట్టిల్లు. పేపర్ట్ పనిచేసిన ఎంఐటీయే దశాబ్దాల తర్వాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌తో, టాటా ట్రస్టులతో కలిసి 2015లో ‘కనెక్టెడ్ లెర్నింగ్ ఇనిషియేటివ్’ మొదలుపెట్టింది. పొట్టిగా క్లిక్స్ అంటారు. తెలంగాణ, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోకి లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు పాఠాలను కంప్యూటర్ ద్వారా తీసుకెళ్లింది. వాటి సాధనాల్లో టర్టిల్ బ్లాక్స్ పేరుతో ఆ తాబేలూ ఉంది. 2017 సంవత్సరానికి యునెస్కో బహుమతి అందుకుందీ బృందం.

బహుమతి సంగతి అలా ఉంచి, వాళ్లు రేఖాగణితం దగ్గర ఎంత ఆలోచించారో చూడాలి. నెదర్లాండ్స్‌కు చెందిన ఉపాధ్యాయ దంపతులు పియరీ, దీనా వాన్ హీలా 1957లో ఒక సంగతి చెప్పారు. పిల్లలు ముందు ఆకారాన్ని చూపుతోనే గుర్తుపడతారు. తర్వాత దాని గుణాలు చూస్తారు. ఆపైనే గుణాలకూ గుణాలకూ ఉన్న సంబంధం, ఆ తర్వాత ఎప్పటికో నిరూపణ. మన తరగతిలో నిరూపణ నడుస్తుంటే పిల్లలు చాలామంది మొదటి మెట్టు మీదే ఉంటారు. చతురస్రాన్ని కాస్త పక్కకు తిప్పి గీస్తే ‘డైమండ్ సార్’ అనే పిల్లలు ఏ బడిలో లేరు? క్లిక్స్‌లోని ‘పోలీస్ క్వాడ్’ ఆట సూటిగా ఆ మెట్టు మీదికే వస్తుంది. పిల్లలు పోలీసులు, దొంగలు చతుర్భుజాలు. ‘చతురస్రంలా ఉంది’ అంటే కుదరదు, ఆనవాళ్లు కావాలి: ఎదుటి భుజాలు సమాంతరమా, కర్ణాలు సమానమా, అన్ని భుజాలూ ఒకే పొడవా? ఇలా వెతుకుతూ పోతే రాంబస్ ఆనవాళ్లన్నీ చతురస్రానికీ సరిపోతాయని తేలుతుంది. బల్లల దగ్గర వాదన మొదలయ్యేది అప్పుడే. ఆ వాదనే మూడో మెట్టు.

మిగతా అమరికలోనూ ఇదే శ్రద్ధ. బడిలోనే ఒక సర్వర్, దానికి ల్యాబ్ కంప్యూటర్లు కలిపి ఉండేవి, ఇంటర్నెట్ లేకపోయినా పాఠం ఆగేది కాదు. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు ముగ్గురు కూర్చోవాల్సి రావడాన్ని లోటుగా వదిలెయ్యకుండా, కలిసి మాట్లాడుకుంటూ నేర్చుకోవడాన్నే పద్ధతిగా పెట్టుకున్నారు. టీచర్లకు విడిగా టాటా ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ కోర్సు నడిపారు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది అదే, ఎందుకంటే ‘సార్, 60 పెడితే ఎందుకు రాలేదు?’ అన్నప్పుడు జవాబు చెప్పెయ్యకుండా ఓర్చుకోవడం సాఫ్ట్‌వేర్ వల్ల అయ్యే పని కాదు.

ఆంధ్రప్రదేశ్ ఈ నాలుగు రాష్ట్రాల్లో లేదు. అయినా మా గుడ్లవల్లేరు వైపు వాళ్లకు ఇది పరాయి సంగతి కాకూడదు. ఇక్కడ 1981 నుంచి పాలిటెక్నిక్, 1998 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నాయి. పదో తరగతి దాటి పాలిటెక్నిక్‌కు వచ్చిన పిల్లలకు డ్రాయింగ్ బల్ల దగ్గర అవసరపడేది ఈ రేఖాగణితమే. నాడు–నేడు పథకం కింద మన ప్రభుత్వ బడుల గోడలకు పెద్ద డిజిటల్ ప్యానెళ్లు వచ్చాయి. వాటిమీద ఏం నడపాలన్నదే ప్రశ్న. క్లిక్స్ పాఠాలు తెలుగులో ఉన్నాయి, పైగా స్వేచ్ఛా లైసెన్సు మీద ఉన్నాయి. తయారుచేసినవాళ్ల పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అదే షరతు మీద మళ్లీ పంచవచ్చు.

మార్చడానికి మనకు సరుకు ఊరి బయటే ఉంది. కాలవకూ బోదెకూ మధ్య వంకరగా చిక్కిన వరి చేను తీసుకోండి, ఏ రెండు గట్లూ సమాంతరం కావు. నాలుగు గట్ల పొడవూ కొలిచినా ఎన్ని సెంట్లో తేలదు. జియోజెబ్రా అనే రేఖాగణిత సాఫ్ట్‌వేర్‌లో అవే నాలుగు పొడవులతో చతుర్భుజం కట్టి ఒక మూల పట్టుకుని లాగితే భుజాలు మారకుండానే బొమ్మ వాలిపోతుంది, వైశాల్యం మారిపోతుంది. ఒక కర్ణం కొలిచి బిగించారా, ఇక కదలదు. సర్వేయరు చేనుకు అడ్డంగా గొలుసు లాగేది ఇందుకే. మా టీచర్లెవరైనా దీన్ని పాఠంగా కూరిస్తే, అదే లైసెన్సు మీద తెలంగాణ బడులకూ పంపవచ్చు.